నిన్న నకలు... నేడు నిధి!

'అసలుది కొనే స్తోమత లేనివాళ్లు కొనుక్కునే గిటారు'... జపాన్ ఎలక్ట్రిక్ గిటార్లకు ఒకప్పుడు ఉన్న పేరిది. అచ్చుగుద్దినట్టు తమ మోడళ్లనే దించేస్తున్నారంటూ అమెరికా కంపెనీ ఒకటి కోర్టుకు కూడా ఎక్కింది. ఇప్పుడు సీన్ మారింది. నలభై, యాభై ఏళ్లనాటి ఆ 'నకలు' గిటార్ల కోసమే అమెరికా, ఐరోపాల నుంచి టోక్యోకు వచ్చి మరీ వెతుక్కుంటున్నారు. కొనడం, మార్చుకోవడం, అమ్మడం... అదో పెద్ద వ్యాపారం. ఆ పాత చెక్క వెనక ఓ కొండప్రాంతపు పట్నం ఉంది. పేరు బయటికి రాని పనివాళ్లున్నారు. కొనేవాడు మోసపోకుండా ఉండాలంటే తెలుసుకోవాల్సిన కథా ఉంది!

టోక్యోలో ఒచనోమిజు రైల్వేస్టేషన్. బయటికొచ్చి పల్లంలోకి దిగే రోడ్డు పట్టుకుంటే చాలు... ఎటు చూసినా గిటార్లే. కోఠీలో పుస్తకాల దుకాణాలు వరసకట్టినట్టు అక్కడ గిటార్ల దుకాణాలు వరసగా ఉంటాయి. కింద అంతస్తులో కొత్తవి, మెట్లెక్కితే పాతవి. గోడలనిండా నేల నుంచి కప్పుదాకా వేలాడుతుంటాయి. వాటి మధ్యలోనే కొన్నిటికి 'జపాన్ వింటేజ్' అన్న చీటీ కనిపిస్తుంది. అంటే 1970, 80ల్లో జపాన్‌లోనే తయారైన పాత గిటారని అర్థం.

ఆ చీటీ మీద ధర ఒక్కటే ఉండదు. బరువు ఎంతో గ్రాములతో సహా రాస్తారు. తీగల కింద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలు... అవే ఫ్రెట్లు... ఎంత అరిగాయో, పదింట ఎన్ని వంతులు మిగిలాయో చెబుతారు. పొడవాటి మెడభాగం, అదే నెక్, నిటారుగా ఉందా వంగిందా, మార్చిన భాగాలేమిటి, గీతలెక్కడ పడ్డాయి... అన్నీ వివరంగా ఉంటాయి. సంతలో ఎద్దును కొనేటప్పుడు పళ్లు పట్టి చూసినట్టే! నోరులేని ఆ వస్తువు జాతకమంతా ఆ చిన్న కాగితమ్ముక్కలో ఉంటుంది.

మరి ఇంత మర్యాద వీటికి ముందునుంచీ ఉందా? ఎంతమాత్రం లేదు.

ఊరంతా 'ఎలెకి' గోలే!

తెలుగునాట ఓ తరానికి 'మేడిన్ జపాన్' అంటే గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చిన టేప్‌రికార్డరు. కరీంనగర్ పల్లెల్లోనూ కోనసీమలోనూ ఆ మూడు ముక్కలు చూస్తే చాలు, ఇక నాణ్యత గురించి ప్రశ్నే ఉండేది కాదు. కానీ అంతకు ముందు పరిస్థితి వేరు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జపాన్ సరుకంటే రేకుబొమ్మలు, చవకబారు వస్తువులు అనే పాశ్చాత్య దేశాల్లో పేరు. గిటార్లూ ఆ గాటన కట్టేసినవే.

అట్సువో కనేకో, డోర్యు మత్సుదా అనే ఇద్దరు 1946లో మొదలుపెట్టిన టెయిస్కో కంపెనీ తొలినాళ్లలో ఎలక్ట్రిక్ గిటార్లు చేసిన వాటిలో ఒకటి. అయితే అసలు ఊపు వచ్చింది 1965లో. అమెరికా నుంచి 'వెంచర్స్' అనే బృందం జపాన్‌లో పర్యటించింది. పాట లేదు, మాట లేదు... ఉత్త గిటార్ల మోతే! కుర్రకారు వెర్రెక్కిపోయింది. ఎలక్ట్రిక్ గిటారును ముద్దుగా 'ఎలెకి' అని పిలుచుకున్నారు. ప్రతి వీధిలో ఓ బృందం. అదే ఏడాది యుజో కయామా హీరోగా ఎలెకి కుర్రాడి కథతో సినిమా వచ్చింది. పిల్లలు చదువులు వదిలేసి పాడైపోతున్నారని పెద్దలు గగ్గోలుపెట్టారు. అషికగా అనే పట్నంలో విద్యాశాఖ ఏకంగా విద్యార్థులు ఎలెకి పట్టుకోకూడదని నిషేధమే పెట్టేసింది!

ఆ గిరాకీకి తగ్గట్టు ఫ్యాక్టరీలు పుట్టుకొచ్చాయి. ఎగుమతులూ పెరిగాయి. అమెరికాలో సియర్స్ లాంటి పెద్ద దుకాణాలు జపాన్ గిటార్లను తమ సొంత పేరుతో అమ్ముకునేవి. ఆ దశాబ్దం చివరికొచ్చేసరికి మోజు తగ్గింది. చాలా కంపెనీలు మూతపడ్డాయి. టెయిస్కోను 1967లో కవాయ్ సంస్థ తీసేసుకుంది. మిగిలినవాళ్లకు ఒక్కటే దారి... పని నేర్చుకోవడం!

కొండల నడుమ కార్ఖానా

ఆ పని నేర్చుకున్న ఊరి పేరు మత్సుమోతో. నగానో రాష్ట్రంలో, చుట్టూ కొండలు, మధ్యలో నల్లటి పాతకోట. గాలిలో తేమ తక్కువ. చెక్క ఆరబెట్టడానికి అంతకన్నా ఏం కావాలి? చెక్కపనిలో ఆరితేరినవాళ్లకు అక్కడ కొదవలేదు. సంగీతమూ ఆ ఊరికి కొత్త కాదు. పసిపిల్లలకు వయొలిన్ నేర్పే పద్ధతితో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న షినిచి సుజుకి తన బడి మొదలుపెట్టింది 1946లో ఇక్కడే.

ఈ ఊళ్లోనే 1951లో 'మత్సుమోకు' అనే చెక్కపని సంస్థ వచ్చింది. ముందు చేసింది గిటార్లు కాదు... సింగర్ కుట్టుమిషన్ల పెట్టెలు! ఆ చేతులే తర్వాత గిటార్లు చెక్కాయి. 1960లో 'ఫుజిగెన్' మొదలైంది. స్థాపకుల్లో ఒకరైన యూయిచిరో యోకోఉచి రైతు. గిటారు తయారీలో ఓనమాలు తెలియకుండానే దిగారు. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ ఫ్యాక్టరీ దేశంలోని పెద్ద గిటారు తయారీ సంస్థల్లో ఒకటైంది.

ఇక్కడో తమాషా ఉంది. చేసేది ఒకరు, పేరు మరొకరిది. కాండా షోకై అనే వ్యాపార సంస్థది 'గ్రెకో' పేరు. నగోయాలోని హొషినో గక్కిది 'ఐబనెజ్'. ఫెర్నాండెస్ వాళ్లది 'బర్నీ'. ఐబనెజ్ అయితే అసలు జపాన్ పేరే కాదు. సాల్వడార్ ఇబాన్యెజ్ అనే స్పెయిన్ గిటారు తయారీదారుడిది. పుస్తకాల దుకాణంలో సంగీత విభాగంగా 1908లో మొదలైన హొషినో, 1929లో ఆయన గిటార్లను దిగుమతి చేసుకోవడం మొదలెట్టి, తర్వాత పేరును కూడా సొంతం చేసుకుంది.

గ్రెకోలు, ఐబనెజ్‌లు ఫుజిగెన్‌లో తయారయ్యేవి. మత్సుమోకు నుంచి ఆరియా, ఎపిఫోన్, యూనివాక్స్, వెస్టోన్... ఇలా రకరకాల పేర్లతో బయటికి వెళ్లేవి. అంటే ఒకే బల్ల మీద, ఒకే పనివాడి చేతిలో తయారైన గిటార్లకు తల మీద పేర్లు మాత్రం వేరు! ఈ ఒక్క ముక్క తెలిస్తే పాత గిటార్ల బేరంలో సగం రహస్యం తెలిసినట్టే.

అటు సముద్రం పక్కనున్న హమమత్సులో యమహా ఉంది. 1947లో మొదలైన టోకై కూడా ఆ ఊరిదే. మత్సుమోతో, హమమత్సు, నగోయా... ఈ మూడు ఊళ్ల పేర్లూ ఇవాళ పాత గిటార్లు కొనేవాళ్ల నోళ్లలో మనకు పోచంపల్లి, గద్వాల, వెంకటగిరి నానినట్టు నానుతుంటాయి.

అక్కడ జారుడు... ఇక్కడ ఎక్కుడు

అదే సమయంలో అమెరికాలో ఏం జరుగుతోంది? ఎలక్ట్రిక్ గిటారంటే అక్కడ రెండే పెద్ద పేర్లు... ఫెండర్, గిబ్సన్. స్ట్రాటోకాస్టర్ ఫెండర్‌ది, లెస్‌పాల్ గిబ్సన్‌ది. ఫెండర్ కంపెనీని 1965లో సీబీఎస్ అనే పెద్ద ప్రసార సంస్థ కోటీ 30 లక్షల డాలర్లకు కొనేసింది. 1969లో గిబ్సన్ కూడా చేతులు మారి, తర్వాత నార్లిన్ అనే సంస్థ కిందికి వచ్చింది. లెక్కలు చూసేవాళ్ల చేతుల్లోకి వెళ్లాక నాణ్యత పలచబడిందని వాయించేవాళ్లు పెదవి విరిచారు. శరీరాలు బరువెక్కాయి. ఒకే దిమ్మె స్థానంలో పొరలు అతికించిన చెక్క వచ్చింది. నెక్‌ను పట్టి ఉంచే నాలుగు మరల స్థానంలో కొన్ని మోడళ్లకు మూడే మిగిలాయి.

దాంతో 1950ల నాటి పాత అమెరికన్ గిటార్ల మీద మోజు మొదలైంది. గిబ్సన్ లెక్కల ప్రకారం 1959లో బయటికి పంపిన లెస్‌పాల్ స్టాండర్డ్ గిటార్లు 643. అప్పట్లో 250 డాలర్లకు కాస్త అటూఇటూగా దొరికిన ఆ గిటారు ఇవాళ కొన్ని లక్షల డాలర్లు పలుకుతోంది. సామాన్యుడు కల్లో కూడా కొనలేడు.

సరిగ్గా అక్కడే జపాన్ వాళ్లు పట్టుబట్టారు. 1970ల మొదట్లో వాళ్లవి పైపై నకళ్లే. లెస్‌పాల్‌లాగే కనిపించేవి కానీ నెక్ అతికించి ఉండేది కాదు, మరలతో బిగించి ఉండేది. ఏడాదికేడాది తేడా తగ్గిపోయింది. పాత అమెరికన్ గిటార్లను దగ్గర పెట్టుకుని వంపు వంపునూ కొలిచారు. ఆ దశాబ్దం చివరికి టోకై, గ్రెకో, బర్నీలు చేస్తున్న నకళ్లు... అప్పటి అమెరికా అసళ్లకన్నా, 1950ల నాటి అసళ్లకే దగ్గరగా ఉన్నాయనే మాట మొదలైంది! గ్రెకో కొన్న కుర్రాళ్లకు మరో కానుక కూడా ఉండేది. షిగెరు నరుమో అనే గిటారిస్టు పాఠాలు చెప్పిన క్యాసెట్టు. గురువు దొరకని ఊళ్లలో ఎంతోమందికి ఆ క్యాసెట్టే గురువు.

అందరూ నకళ్లే చేశారనుకుంటే పొరపాటు. యమహా 1976లో తెచ్చిన ఎస్‌జీ-2000 సొంత ఆలోచన. ప్రఖ్యాత గిటారిస్టు కార్లోస్ సాంటానా సలహాలు తీసుకుని దిద్దుకున్నారు. నెక్ చెక్కే గిటారు చివరిదాకా సాగుతుంది. తీగల కింద ఇత్తడి పలక పెట్టారు, నాదం ఎక్కువసేపు నిలవాలని. సాంటానా ఆ గిటారుతో వేదికలెక్కాక 'జపాన్ గిటారా?' అని వెటకారం చేసేవాళ్ల నోళ్లు మూతపడ్డాయి.

'దావా గిటారు' కథలో నిజమెంత?

పాత గిటార్ల వ్యాపారంలో ఎక్కువగా వినిపించే మాట 'లాసూట్ గిటార్'. అంటే కోర్టు దావాలో చిక్కుకున్న గిటారు. ఈ మాట చెప్పి ధర పెంచేస్తుంటారు. అమెరికా వాళ్లే భయపడి కోర్టుకెళ్లారంటే ఎంత గొప్ప గిటారై ఉండాలి... అని కొనేవాడు అనుకోవాలన్నమాట.

జరిగింది వేరు. 1977 జూన్ 28న గిబ్సన్ యజమాని నార్లిన్, ఫిలడెల్ఫియాలోని కోర్టులో దావా వేసింది. ఎవరి మీద? ఎల్గర్ అనే ఒక్క కంపెనీ మీద. హొషినోకు అమెరికాలో పంపిణీ సంస్థ అది. దేనిగురించి? గిటారు నాదం గురించి కాదు, నాణ్యత గురించి కాదు. తీగలు బిగించే తలభాగం, అదే హెడ్‌స్టాక్, దాని ఆకారం గురించి. గిబ్సన్ తల అంచు తెరిచిన పుస్తకంలా ఉంటుంది. ఆ వంపు తమదేనన్నది నార్లిన్ వాదన. విచిత్రమేంటంటే... దావా పడేనాటికే ఐబనెజ్ ఆ ఆకారాన్ని మార్చేసింది! 1978 మొదట్లో కోర్టు బయటే రాజీ కుదిరింది. అంతే కథ.

కానీ ఇవాళ 1970ల నాటి జపాన్ గిటారు ఏది కనిపించినా 'లాసూట్' అని చీటీ తగిలించేస్తున్నారు. టోకైకి, బర్నీకి, ఊరూపేరూ లేని వాటికి కూడా! ఆ దావాతో వాటికి సంబంధమే లేదు. ఆ మాటకు ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వనక్కర్లేదని తెలిసినవాళ్లు చెప్పే మొదటి పాఠం.

ఒకరకంగా దావా వల్ల మేలే జరిగింది. నకలు దారి మూసుకుపోయేసరికి ఐబనెజ్ సొంత మోడళ్ల మీద దృష్టిపెట్టింది. జాజ్ గిటారిస్టు జార్జ్ బెన్సన్ కోసం 1977లో జీబీ-10 తెచ్చింది. పదేళ్ల తర్వాత స్టీవ్ వాయ్‌తో కలిసి చేసిన జెమ్ మోడల్‌ను వేరేవాళ్లు నకలు చేసే స్థాయికి ఎదిగింది!

ముల్లును ముల్లుతోనే...

గిబ్సన్ కోర్టుకెళ్తే ఫెండర్ వేరే దారి ఎంచుకుంది. జపాన్ నకళ్లను ఆపలేమని అర్థమయ్యాక, వాటిని చేసేవాళ్లతోనే చెయ్యి కలిపింది. 1982 మార్చిలో కాండా షోకై, యమానో గక్కిలతో కలిసి 'ఫెండర్ జపాన్' పెట్టింది. దాంతో గ్రెకో పేరుతో వచ్చే ఫెండర్ నకళ్లు ఆగిపోయాయి. తయారీ బాధ్యత ఎవరికి ఇచ్చారో తెలుసా? మత్సుమోతోలోని ఫుజిగెన్‌కే! నిన్నటిదాకా నకలు చేసిన చేతులే ఇప్పుడు అసలు పేరుతో చేయడం మొదలెట్టాయి.

1982-84 మధ్య వచ్చిన ఆ తొలి గిటార్ల సీరియల్ నంబరు 'జేవీ' అక్షరాలతో మొదలవుతుంది. ఐరోపాకు పంపేవాటికి 'స్క్వయర్' అని పేరు పెట్టారు. అది 1965లో ఫెండర్ కొన్న ఓ తీగల కంపెనీ పేరు. చవక రకంగా పంపిన ఆ జేవీ స్క్వయర్లే ఇవాళ వెతికి వెతికి కొనుక్కునే సరుకు.

1985లో సీబీఎస్ ఫెండర్‌ను అమ్మేసింది... కోటీ 25 లక్షల డాలర్లకు. ఇరవై ఏళ్ల కిందట కొన్న ధరకన్నా తక్కువ! కొన్నవాళ్లకు పేరు వచ్చింది గానీ ఫ్యాక్టరీ రాలేదు. కాలిఫోర్నియాలో కొత్త ఫ్యాక్టరీ నిలదొక్కుకునేదాకా ఆ అమెరికా కంపెనీని నడిపించింది జపాన్ గిటార్లే.

అదే ఏడాది సెప్టెంబరులో న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్లో అయిదు దేశాలు ఓ ఒప్పందం చేసుకున్నాయి. డాలరుకు 240 దాకా ఉన్న యెన్ రెండేళ్లకల్లా 120 దగ్గరికి బలపడింది. జపాన్ సరుకు ఎగుమతికి ఖరీదైపోయింది. చవక గిటార్ల తయారీ కొరియాకు తరలిపోయింది. మత్సుమోకు 1987లో మూతపడింది. వాళ్ల చేతిపని మాత్రం ఇళ్లలో, అటకల మీద, పాత సామాన్ల కొట్లలో ఉండిపోయింది. ఇవాళ్టి వ్యాపారానికి సరుకు అదే!

అంకెలు చదవడం వస్తే...

పాత జపాన్ గిటారు కొనేవాళ్లు ముందు నేర్చుకునేది అంకెల భాష. చాలా మోడళ్ల పేర్లలోనే అప్పటి ధర దాగి ఉంటుంది. టోకై ఎల్‌ఎస్-50 అంటే 50 వేల యెన్లు. ఎల్‌ఎస్-80 అంటే 80 వేలు. గ్రెకో ఈజీ-500 అంటే అదీ 50 వేలే. జేవీ ఫెండర్ ఎస్‌టీ57-115 అంటే లక్షా 15 వేలు. 1980లో జపాన్‌లో డిగ్రీ చదివి కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడి నెల జీతం సుమారు లక్షా 14 వేల యెన్లు. ఆ లెక్కన ఎల్‌ఎస్-50 అతని సగం జీతం కన్నా తక్కువ. ఎల్‌ఎస్-200 కొనాలంటే దాదాపు రెండు నెలల జీతం!

పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ధర పెరిగేకొద్దీ లోపల చెక్క, పికప్‌లు, పూత మారతాయి. అందుకే 'టోకై కొన్నా' అంటే సరిపోదు. 'ఏ అంకె?' అన్నదే అసలు ప్రశ్న.

పుట్టిన తేదీ కూడా తెలుస్తుంది. 1970ల మధ్య నుంచి ఐబనెజ్ సీరియల్ నంబరులో మొదటి అక్షరం నెల. ఎ అంటే జనవరి, ఎల్ అంటే డిసెంబరు. తర్వాతి రెండంకెలు సంవత్సరం. సి78 అని ఉంటే 1978 మార్చిలో పుట్టిందన్నమాట.

ఇవాళ మామూలు మోడళ్లు కొన్ని పదుల వేల యెన్లకే దొరుకుతుంటే, అరుదైనవి లక్షల్లో ఉన్నాయి. 2024 జులైలో యెన్ విలువ డాలరుకు 160 దాటి, దాదాపు 38 ఏళ్ల కనిష్ఠానికి పడిపోయింది. విదేశీ కొనుగోలుదార్లకు అది పండగే.

చెత్తబుట్టలో బంగారం

అన్నీ ఒచనోమిజు అద్దాల బీరువాల్లోనే దొరకవు. జపాన్ అంతటా 'హార్డ్ ఆఫ్' అనే పాత సామాన్ల దుకాణాలున్నాయి. రేడియోలు, టీవీలు, కెమెరాల మధ్య గిటార్లూ ఉంటాయి. పనిచేస్తుందో లేదో చూడకుండా, వాపసు తీసుకోమని ముందే చెప్పి, 'జంక్' పేరుతో ఓ మూల పడేసి అమ్ముతారు. తెలిసినవాళ్లు ముందు వెళ్లేది ఆ మూలకే!

ఒకప్పుడు చెత్త అనుకున్న టెయిస్కో గిటార్లకు విలువ పెరగడం వెనకా ఓ కథ ఉంది. తీగల కంపనాన్ని విద్యుత్తుగా మార్చే భాగం పికప్. లోపల అయస్కాంతం, చుట్టూ సన్నటి రాగితీగ. టెయిస్కో పికప్‌లలో కొన్నిటికి పైన బంగారు రంగు రేకు ఉండేది. అమెరికా గిటారిస్టు రై కూడర్ అలాంటి పికప్‌ను తన ఫెండర్‌కు అమర్చుకున్నారు. ఆయన వాయిద్యంలోని ఆ నాదం విన్నవాళ్లు పికప్ కోసమే పాత టెయిస్కోలు కొనడం మొదలెట్టారు. ఆవు ధరకన్నా గంట ధర ఎక్కువైనట్టు! 'నిర్వాణ' బృందం కర్ట్ కొబైన్ వాయించిన యూనివాక్స్ హైఫ్లయర్ కూడా అలాంటి చవక జపాన్ గిటారే. ఆయన పట్టుకున్నాక దానికీ గిరాకీ వచ్చింది.

ఇచ్చి పుచ్చుకోవడం

ఈ లోకంలో డబ్బు పెట్టి కొనేవాళ్లెందరో, మార్చుకునేవాళ్లూ అందరున్నారు. చేతిలో ఉన్న గిటారు దుకాణంలో ఇచ్చి, పైన తేడా కట్టి, ఇంకోటి తెచ్చుకుంటారు. పాత బైకు ఇచ్చి కొత్తది తీసుకున్నట్టే. దుకాణదారు తన అద్దె, మరమ్మతు, లాభం చూసుకునే విలువ కడతాడు కాబట్టి నేరుగా అమ్ముకుంటే వచ్చేంత రాదు. బదులుగా నమ్మకం దొరుకుతుంది. జపాన్‌లో పాత వస్తువుల వ్యాపారికి లైసెన్సు తప్పనిసరి. పోలీస్‌స్టేషన్ ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. అమ్మేవాడి గుర్తింపు చూసి, రాసిపెట్టుకోవాలి. దొంగసొత్తు చేతులు మారకుండా 1949లోనే చేసిన చట్టమిది.

వాయించేవాళ్లకు ఇదో నిచ్చెన కూడా. 50 అంకెతో మొదలై, 80కి మారి, చివరికి 100 దగ్గర ఆగేవాళ్లున్నారు. మార్చుకున్న ప్రతిసారీ చెవి కాస్త ఎదుగుతుంది. ఎక్కడ ఆగాలో చెప్పేదీ ఆ చెవే.

అయితే గిరాకీ ఉన్నచోట మాయా ఉంటుంది. ఇక్కడి మాయ మరీ విచిత్రం. మంచి గ్రెకో, బర్నీల తలమీద పేరు గీకేసి, గిబ్సన్ అని అతికించి, అమెరికా ధరకు అంటగట్టేవాళ్లున్నారు. నాసిరకం గిటారుకు గ్రెకో పేరు తగిలించేవాళ్లూ ఉన్నారు. అంటే ఇప్పుడు... నకలుకూ నకిలీలు!

అందుకే కొనేముందు ఇవి చూసుకోవాలంటారు అనుభవజ్ఞులు...

* తల: పేరు ఉన్నచోట పూత రంగు, మెరుపు మిగతా భాగంతో కలవాలి. గీకిన ఆనవాలు ఉంటే అనుమానించాల్సిందే.

* నెక్: ఒక కన్ను మూసి, తల వైపు నుంచి తుపాకీ గురిచూసినట్టు చూడాలి. వంపు, మెలిక తెలిసిపోతాయి. వంపునైతే లోపలి ఇనుప కడ్డీని తిప్పి సరిచేయొచ్చు. ఆ కడ్డీ ఇంకా తిరిగే వీలుందో లేదో అడగాలి. మెలిక పడితే మాత్రం ఖర్చు తడిసిమోపెడే.

* ఫ్రెట్లు: సగానికి పైగా అరిగిపోతే కొత్తవి వేయించే ఖర్చు కూడా ధరలో కలిపి చూసుకోవాలి.

* లోపల: వెనక మూత తీయమని అడగడం తప్పేం కాదు. పికప్‌లు మారాయా, అతుకులు కొత్తగా వేశారా అన్నది అక్కడే తెలుస్తుంది. నిజాయతీ ఉన్న వ్యాపారి తనే తీసి చూపిస్తాడు.

* విడిభాగాలు: జపాన్ కొలతలు మిల్లీమీటర్లలో, అమెరికావి అంగుళాల్లో ఉంటాయి. అమెరికా బటన్లు, మరలు చాలాసార్లు వీటికి పట్టవు. పాత భాగాలు పారేయకుండా దాచుకున్న గిటారుకే విలువ.

* ధ్వని: ముందు యాంప్లిఫయర్‌కు కలపకుండానే వాయించి చూడాలి. చెక్క బాగుంటే ఒళ్లో పెట్టుకున్నప్పుడే పలుకు తెలుస్తుంది.

మన ఇంటికి తెచ్చుకుంటే...

టోక్యో నుంచి హైదరాబాద్‌కో విశాఖకో గిటారు తెప్పించుకునేవాళ్లు మరికొన్ని తెలుసుకోవాలి. దిగుమతి సుంకం, రవాణా ఖర్చు కలిపాకే అది చవకో కాదో తేలుతుంది. జపాన్‌లో ఇళ్లకిచ్చే కరెంటు 100 వోల్టులు, మన దగ్గర 230. గిటారుకు దాంతో పనిలేదు గానీ, ముచ్చటపడి అక్కడి పాత యాంప్లిఫయర్ కూడా తెచ్చి నేరుగా ప్లగ్గులో పెడితే మాడిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

తేమ సంగతి ఇంకోటి. తేమ మారితే చెక్క ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఉండేవాళ్లు గిటారు రాగానే బిగించి వాయించేయకుండా, కొన్నాళ్లు గదిలో అలవాటుపడనిచ్చి, అప్పుడు నెక్ సరిచేయించుకోవడం మేలు.

చెక్కకూ చట్టం ఉంది. వేళ్లు ఆనే పలకకు రోజ్‌వుడ్ వాడతారు. దక్షిణ భారత అడవుల్లో పెరిగే ఇండియన్ రోజ్‌వుడ్‌ను ప్రపంచమంతటా గిటార్లలో వాడుతున్నారు. అలా మన అడవి చెక్క సముద్రాలు దాటి ఎక్కడెక్కడో పాడుతోందన్నమాట! ఆ జాతి చెట్లు తరిగిపోతున్నాయని 2017లో అంతర్జాతీయ ఒప్పందం కింద వ్యాపారం మీద ఆంక్షలు పెట్టారు. తయారైన వాయిద్యాలకు 2019 నవంబరు నుంచి మినహాయింపు ఇచ్చారు. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు మాత్రం 1992 నుంచి ఉన్న కఠిన నిబంధనలు అలాగే ఉన్నాయి. అమ్మేవాడు 'ఇది బ్రెజిల్ చెక్క' అని గొప్పగా చెబితే, ఆనందపడేముందు అనుమతి పత్రాలు అడగాలి.

పేరులో ఏముంది?

ఫుజిగెన్ ఇప్పటికీ గిటార్లు చేస్తోంది. ఫెండర్ తన 'మేడిన్ జపాన్' గిటార్లను గర్వంగా ఆ మూడు ముక్కలు రాసే అమ్ముతోంది. అంతేకాదు, 2023 జూన్‌లో ఆ అమెరికా కంపెనీ తన తొలి భారీ సొంత దుకాణం తెరిచింది కాలిఫోర్నియాలోనో న్యూయార్క్‌లోనో కాదు... టోక్యోలోని హరజుకులో! ఒకప్పుడు తమను చూసి నకలు చేసినవాళ్ల ఊరికే వెళ్లి జెండా పాతింది.

కుట్టుమిషన్ల పెట్టెలు చేసినవాళ్లు, పొలం వదిలి వచ్చినవాళ్లు, కొండగాలిలో చెక్క ఆరబెట్టినవాళ్లు... వాళ్ల పేర్లు ఏ గిటారు తలమీదా లేవు. ఎవరో వ్యాపారి పేరు, ఏ స్పెయిన్‌వాడి పేరో, అమెరికావాడి పేరో ఉన్నాయి. ఇవాళ దాన్ని కొనేవాడు పేరుకు డబ్బిస్తే మోసపోతాడు. పనికి డబ్బిస్తే జీవితాంతం వాయించుకుంటాడు.

అందుకేనేమో ఆ దుకాణాల్లో గిటారు నచ్చినవాళ్లు చేసే ఆఖరి పరీక్ష ఒక్కటే. స్టూలు మీద కూర్చుని, గిటారు ఒళ్లోకి తీసుకుని, కళ్లు మూసుకుని ఓ తీగ మీటుతారు. కళ్లు మూసుకుంటే పేరు కనిపించదుగా!